విశాఖ దంతపు సామాను: పొదుగు నుంచి తాపడం దాకా

18వ శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగం ఐరోపా వాళ్ల కోసం కుర్చీలు, రాతబల్లలు, బీరువాలు, అద్దపు బల్లలు చేసింది. ముదురు రంగు చేవకర్రలో ఏనుగు దంతపు ముక్కలు పొదిగి, ఆ దంతం మీద వెంట్రుకవాసి గీతలు చెక్కి, గీతల్లో నల్ల లక్క నింపడం ఆ పనికి గుర్తు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోనూ, బ్రిటిష్ రాజకుటుంబపు సేకరణలోనూ ఈ సామాను ఇప్పటికీ ఉంది. దీని చరిత్రను ఎక్కువగా ఆకారాలను బట్టి రాస్తూ వచ్చారు: ఏ ఇంగ్లీషు నమూనాను చూసి ఏ కుర్చీ చేశారన్నదే అందులో ముఖ్యం. కర్ర వైపు నుంచి చూస్తే ఇదే కథ ఇంకో విధంగా నడుస్తుంది. మొదట్లో కర్రను దాని అందం కోసం ఎంచారు. దంతం పెరిగేకొద్దీ కర్ర కనబడకుండా పోయింది. అప్పటి నుంచి దాని అందం కాదు, అది ఎంత కదలకుండా ఉంటుందన్నదే లెక్కకు వచ్చింది. చివరికి వాసన కోసం కర్రను ఎంచే దాకా వెళ్లింది.

ఈ పని విశాఖలోనే ఎందుకు పుట్టిందంటే, మొదటి కారణం గుడ్డ. ఇంగ్లీషు కంపెనీ 17వ శతాబ్దం చివరి భాగంలో ఇక్కడ కొఠీ పెట్టింది నేత బట్టల కోసమే. పక్కనే భీమునిపట్నంలో డచ్చివారు ఉన్నారు. కొఠీలో ఉద్యోగం చేసేవాడికి బల్ల కావాలి, కుర్చీ కావాలి, కాగితాలు దాచుకునే అరల పెట్టె కావాలి. ఈ తీరపు ఇళ్లలో అప్పటికి పీట, మంచం, ఉయ్యాల, కాలిపెట్టె ఉన్నాయి గాని, కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని రాసుకునే సామాను లేదు. ఇంగ్లండు నుంచి తెచ్చుకున్నది ఇక్కడి గాలికి నిలిచేది కాదు. అక్కడ అప్పట్లో వాడుకలో ఉన్నది వాల్‌నట్ కర్ర. చౌక కర్ర మీద దాని పలచని రేకును సరేసుతో అతికేవారు. సముద్రపు చెమ్మకు సరేసు మెత్తబడి రేకులు లేచిపోయేవి. మిగిలినదాన్ని చెదలు చూసుకునేది. అందుకని ఓడల్లో వచ్చిన ఒకటి రెండు వస్తువులనూ, అచ్చు బొమ్మలనూ ముందు పెట్టుకుని, అదే ఆకారాన్ని ఇక్కడి కర్రతో, ఇక్కడి పనివాళ్ల చేత చేయించుకోవడం మొదలైంది. ఆ పనివాళ్లు కంసాలి కులాలవారు. కర్ర, లోహం, నగ, శిల్పం ఒకే కుల కుటుంబంలో నడిచే వృత్తులు కాబట్టి, బల్ల చేసే చేతికీ బంగారం మీద చెక్కే చేతికీ మధ్య పెద్ద దూరం ఉండేది కాదు. దంతం మీద గీత చెక్కడం నిజానికి వడ్రంగి పని కాదు, నగల పని. ఈ రెండూ ఒకచోట దొరకడం విశాఖకు కలిసి వచ్చింది.

వాళ్ల ముందున్న కర్రల్లో మొదటిది టేకు. విశాఖ వెనకనున్న కొండల్లో ఉత్తరానికి పోయేకొద్దీ గుగ్గిలం చెట్లదే రాజ్యం. మేలైన టేకు గోదావరి ఎగువ అడవులదీ, సముద్రం దాటి వచ్చే బర్మాలోని పెగూదీ. నరసాపురం, కోరంగి రేవుల్లో ఓడలు కట్టేవాళ్లు కాబట్టి ఈ తీరంలో టేకు వ్యాపారం అప్పటికే పాతది. పచ్చి టేకు దుంగ నీళ్లలో సరిగా తేలదు. బర్మా అడవుల్లో చెట్టు మొదట్లో చుట్టూ బెరడు, తెల్లచెక్క నరికి, నిలబెట్టే చంపి, రెండు మూడేళ్లు అలాగే ఎండనిచ్చి, ఆ తరవాత పడగొట్టి నదిలో వదిలేవారు. దానివల్ల దుంగ రేవుకు చేరేసరికే సగం ఆరి ఉండేది. టేకులో సహజంగా ఉన్న నూనె చెదలను దగ్గరికి రానివ్వదు. తడికీ ఎండకీ అది ఉబ్బడం, కుంగడం మిగతా కర్రల కంటే బాగా తక్కువ. లోపం లేకపోలేదు. అందులో ఇసుక పదార్థం ఉంటుంది, ఉలి పదును తొందరగా పోతుంది. రంగు లేత బంగారు గోధుమ. దంతం పక్కన పెడితే ఆ రంగు తేలిపోతుంది.

దంతం తెలుపు ఎగిరి కనబడాలంటే వెనక చీకటి ఉండాలి. అందుకే విశాఖ పనివాళ్లు ఇరుగుడు చేవకు, అంటే ఇంగ్లీషువాళ్ల రోజ్‌వుడ్‌కు, పెద్దపీట వేశారు. జిట్రేగి అన్నా ఇదే. ఊదా, గోధుమ కలిసిన నేల మీద నల్లని చారలు సాగుతాయి. టేకు కంటే బాగా బరువు, గట్టి. చెక్కిన అంచు విరగకుండా, పదునుగా నిలుస్తుంది. పొదుగు పనికి ఇది రంగు కంటే ముఖ్యమైన గుణం. దంతపు ముక్క కూర్చునే గుంటకు అంచు ఏమాత్రం చెదిరినా, ఆ చెదిరిన చోట నల్లటి బంక నింపి సరిచెయ్యాల్సి వస్తుంది, అది కళ్లకు తెలుస్తుంది. నల్లచేవ, అంటే ఎబొనీ, ఇంకా గొప్ప నేపథ్యం. కానీ తునికి జాతి చెట్లలో నల్లటి చేవ మానంతా ఉండదు, నడుమ మాత్రమే ఉంటుంది. ఆరేటప్పుడు పగుళ్లు ఇస్తుంది. వెడల్పు పలక తియ్యడం కష్టం. కుర్చీ కాళ్లకూ చిన్న పెట్టెలకూ అంచు పట్టీలకూ అది సరిపోయింది. పెద్ద బల్లకు కాదు. పెగూ నుంచి టేకుతో పాటే పడాకు కూడా వచ్చేది. మన వేగిసకూ ఎర్రచందనానికీ దాయాది అయిన చెట్టు అది. ఇటుక ఎరుపు రంగు, ఇరుగుడులా గట్టిదనం, వెడల్పైన పలకలు. ఎర్రచందనం రాయలసీమ కొండల్లోనే ఉన్నా అప్పట్లో దాన్ని ఓడలకెత్తింది ఎక్కువగా అద్దకం రంగు కోసం.

కర్ర ఎంపికలో మరొక లెక్క, ఏది ముఖానికి, ఏది లోపలికి అన్నది. ముందు పలకలు ఇరుగుడువి, సొరుగు అడుగులు, వెనక పలకలు టేకువి కావడం సహజం. ప్రతి పలకకూ నిండు కర్రే వాడి, కుసిని బెజ్జంలో దిగగొట్టి, చీలతో బిగించే పాత పద్ధతి ఇక్కడ వదల్లేదు. ఇంగ్లండులో అప్పటికే రేకు అతికే పని నాగరికం. విశాఖ పనివాడు మాత్రం ఆకారాన్ని తీసుకున్నాడు, ఆ పద్ధతిని తీసుకోలేదు. అతని చేతిలో ఇంగ్లీషు కుర్చీ లండను కుర్చీ కంటే బరువెక్కింది, ఎక్కువ కాలం నిలిచింది కూడా.

పొదుగు పని తీరు ఇదీ. దంతాన్ని సన్నని రంపంతో పలచని రేకులుగా కోస్తారు. ఏనుగు దంతం మొదలు వైపు డొల్ల. గట్టి భాగం కొన వైపే. ఆ వంపులోంచి వచ్చే రేకు వెడల్పు చాలా తక్కువ. పువ్వు, ఆకు, తీగ దేనికది ఆకురాయితో అరగదీసి ఆకారానికి తెస్తారు. దాన్ని కర్ర మీద ఉంచి చుట్టూ గీత గీసి, ఆ మేరకు రేకు మందాన గుంట తవ్వుతారు. బంక వేసి, ముక్క దింపి, అవసరమైన చోట సన్నని చీలలు కొడతారు. మొత్తం నున్నగా తీసిన తరవాత అసలు పని మొదలవుతుంది. పువ్వు రేకల మధ్య ఈనెలు, పక్షి ఈకలు, ఆకుల నీడలు సన్నని ఉలితో దంతం మీద చెక్కి, వేడి చేసిన నల్ల లక్కను పైన రుద్దుతారు. లక్క గీతల్లో దిగి గట్టిపడుతుంది. పైన మిగిలినదాన్ని గీకేస్తారు. తెల్లని దంతం మీద కలంతో గీసినట్టు నల్లటి బొమ్మ నిలుస్తుంది. లక్క సుమారు 75, 80 డిగ్రీల వేడికే కరుగుతుంది కాబట్టి దంతానికీ కర్రకూ దెబ్బ తగలకుండా ఈ పని సాగేది.

బొమ్మల సంగతికొస్తే, తొలినాటి వస్తువుల అంచులను చుట్టుకునే పూల తీగ ఇంగ్లండుది కాదు. అది ఈ తీరపు చీటీ (చింట్జ్) గుడ్డల మీది తీగ. కొఠీవాళ్లు ఏ గుడ్డను ఓడకెక్కించారో అదే పువ్వు వాళ్ల కుర్చీల వీపుల మీదికి ఎక్కింది. 1756లో ఈ తీరాన తిరిగిన మేజర్ జాన్ కార్నేల్ విశాఖ చీటీ గుడ్డలనూ, పొదుగు పనినీ ఒకే ఊపులో మెచ్చుకున్నాడు. ఈ మొదటి దశ వస్తువులే విశాఖ పనిలో ఉత్తమమైనవి అనిపిస్తాయి. కర్ర, దంతం దేని పని అది చేస్తాయి. ఒకటి లేకపోతే రెండోది తేలిపోతుంది.

మ్యూజియంలో ఈనాడు కనబడే రంగులు చేసిననాటివి కావన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఇరుగుడు వెలుతురు తగిలేకొద్దీ ఊదా రంగు పోగొట్టుకుని మామూలు గోధుమకు దిగుతుంది. దంతం పసుపెక్కుతుంది. తుడిచి తుడిచి గీతల్లోని లక్క కొన్నిచోట్ల రాలిపోతుంది. కొత్తగా ఉన్నప్పుడు ఈ సామాను తెలుపు నలుపుల తేడాతో ఇంతకంటే చాలా గాఢంగా ఉండేది. సొరుగు లోపలి అంచున వెలుతురు సోకని చోట మాత్రం మొదటి రంగు ఇంకా దొరుకుతుంది.

1760ల తరవాత పని మారింది. పొదుగు స్థానంలో తాపడం వచ్చింది. అక్కడక్కడ పువ్వు కాక, వస్తువు మొత్తాన్నీ దంతపు రేకులతో కప్పడం మొదలుపెట్టారు. రేకు వెడల్పు తక్కువ కనుక పెద్ద పలకకు చాలా ముక్కలు పక్కపక్కన చేర్చాలి. ఆ అతుకుల గీతలు కనబడకుండా వాటి మీదే చెక్కుడు అంచులు నడిపేవారు. బొమ్మలూ మారాయి. పూల తీగ అంచుకు తప్పుకుంది, నడుమ ఇంగ్లీషు భవనాలు, స్తంభాల మండపాలు, చెట్ల వరసలు వచ్చాయి. ఇంగ్లండులో అచ్చయిన చిత్రాలే వాటికి మాతృక. మద్రాసు గవర్నరుగా 1773 నుంచి 1775 దాకా ఉన్న అలెగ్జాండర్ వించ్ దగ్గర ఇలాంటి దంతపు కుర్చీల జట్టు ఉండేది. అతను చనిపోయాక 1781లో మూడో జార్జి రాజు వాటిని రాణి షార్లెట్ కోసం కొన్నాడు. రాణి పోయిన తరవాత 1819లో అవి వేలానికి వచ్చాయి, ఆమె కొడుకే వాటిని తిరిగి రాజకుటుంబానికి దక్కించి బ్రైటన్ మహలులో పెట్టించాడు. లండను దొరల దృష్టిలో విశాఖ పని అంటే ఇదే అయింది. పనితనంలో వంక లేదు. అయితే కర్ర ఇక్కడ కేవలం అస్థిపంజరం.

కనబడని కర్రకు రంగుతో పనిలేదు. అందుకే ఇరుగుడు తప్పుకుని టేకు, శ్రీగంధం ముందుకొచ్చాయి. టేకు ఎందుకో పైన చెప్పినదే: కదలిక తక్కువ. గంధం ఖరీదైనది, మైసూరు వైపు నుంచి రావాలి, మాను లావు తక్కువ. అయినా దానికి ఒక గుణం ఉంది. నార అతి సన్నం, రంధ్రాలు కంటికి ఆనవు. ఇరుగుడు మీద పలచని దంతం అతికితే రంధ్రాల వరస కొన్నాళ్లకు పైకి తెలిసే ప్రమాదం ఉంటుంది; గంధం మీద ఆ బాధ లేదు. పురుగు పట్టదు. నూనె గల కర్రలకు బంక పట్టు కొంత తక్కువ కాబట్టి దంతపు చీలలు తప్పనిసరి. పాత వస్తువుల మీద పరీక్షగా చూస్తే అవి రేకు అంచుల వెంట చిన్న చుక్కల్లా కనబడతాయి.

తాపడానికి అసలు పరీక్ష ఓడ దిగాక ఎదురైంది. కర్ర చుట్టూ ఉన్న గాలిని బట్టి చెమ్మను తీసుకుంటుంది, వదులుతుంది. విశాఖ సముద్రపు గాలిలో స్థిరపడిన పలక, చలికాలంలో నిప్పు రాజేసిన ఇంగ్లీషు గదిలోకి వెళ్లేసరికి ఆరి కుంచించుకుంటుంది. దంతం కూడా చెమ్మకు స్పందిస్తుంది, కాని కర్రతో సమంగా కాదు. రెండింటి మధ్య లాగులాటలో రేకు లేవడమో, నిలువునా పగలడమో జరుగుతుంది. పొదుగు సామానులో దంతం చిన్న చిన్న ముక్కలు కాబట్టి ఈ లాగుడు పంచుకుపోతుంది. తాపడంలో పలక అంతటికీ అదే చర్మం, తప్పించుకునే దారి లేదు. అందుకే తొలినాటి ఇరుగుడు కుర్చీలు చాలావరకు చెక్కు చెదరకుండా ఉంటే, తరవాతి దంతపు పెట్టెల్లో అతుకులు, పగుళ్లు ఎక్కువ. మరమ్మతు చేసేవాళ్లు తడిగుడ్డతో తుడవవద్దని పదే పదే చెప్పడానికి కారణమూ ఇదే.

19వ శతాబ్దంలో పెద్ద సామాను విశాఖలో పలచబడింది. కలకత్తా, మద్రాసుల్లో ఐరోపా యజమానుల కార్ఖానాలు వెలిశాయి. మహాగని రంగు నాగరికమైంది. 1852 యుద్ధంలో దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చాక రంగూను టేకు తూర్పు తీరపు రేవులన్నిటికీ ధారగా దిగింది. 1856లో డీట్రిక్ బ్రాండిస్ పెగూ టేకు అడవులకు అధికారిగా వచ్చాడు, అదే ఏడు మద్రాసు రాజధానిలో హ్యూ క్లెగార్న్ మొదటి అటవీ సంరక్షకుడయ్యాడు. రైలు పట్టాల కింద వేసే దిమ్మెలకు అడవులు ఖర్చవుతున్న కాలమది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక గోదావరి అడవుల కర్ర ప్రభుత్వ డిపోల మీదుగా తప్ప బయటికి రావడం కష్టమైంది. కర్రను అడవి నుంచి తెచ్చుకునే పనివాడు కర్రను డిపోలో కొనుక్కునేవాడయ్యాడు.

విశాఖ దంతపు పనివాళ్లు చిన్న వస్తువులకు మళ్లారు. కుట్టుసామాను పెట్టెలు, తేయాకు డబ్బాలు, చదరంగపు పలకలు, ఉత్తరాల స్టాండ్లు. గంధపు పెట్టెకు బయట దంతంతో పాటు దుప్పి కొమ్ము, తాబేటి చిప్ప, ముళ్లపంది ముళ్లు అతికేవారు. ముళ్లను వరసగా పేరిస్తే నలుపు తెలుపుల చారలు వాటంతటవే వస్తాయి, చెక్కే పని లేదు. మూత తెరవగానే గంధపు వాసన రావడం ఈ పెట్టెల ఆకర్షణ. కర్ర తిరిగి కొనేవాడికి అనుభవంలోకి వచ్చింది, కంటికి కాక ముక్కుకు. లోపలి వైపు అందుకే ఏ పూతా వెయ్యకుండా వదిలేసేవారు. పూత వేస్తే వాసన ఆగిపోతుంది. ఎడ్గర్ థర్స్టన్ 1901లో దక్షిణ భారతపు దంతపు పని మీద మద్రాసులో చిన్న గ్రంథం అచ్చు వేశాడు. 1903 ఢిల్లీ ప్రదర్శన వరకూ విశాఖ పెట్టెలు పేరున్న సరుకే. పొదుగు కుర్చీ పక్కన పెడితే ఇవి ప్రయాణికుల జ్ఞాపికలు. అంతకు మించి చెప్పడం కష్టం.

పైపూత చరిత్రలో లక్కకు మూడు జీవితాలున్నాయి, మూడూ ఈ ప్రాంతంలో కనబడతాయి. మొదటిది దంతపు గీతల్లో నల్లరంగు. రెండోది తరణి పట్టే కర్ర మీద రంగుపూత. మూడోది స్పిరిట్‌లో కరిగించిన పాలిష్. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద ఒక పురుగు స్రవించే పదార్థమే లక్క. వేడికి మెత్తబడుతుంది, నీళ్లకు కరగదు, స్పిరిట్‌కు కరుగుతుంది. ఈ మూడు గుణాలే మూడు పద్ధతులకూ దారి తీశాయి. వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో తిరిగే కర్రకు రంగులక్క కడ్డీని ఆనిస్తారు; రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. దీనికి ఇరుగుడు అక్కర్లేదు, పనికిరాదు కూడా. మెత్తగా, తెల్లగా, సన్నని నారతో ఉండే అంకుడు కర్ర కావాలి. లక్క రంగు కర్ర రంగును పూర్తిగా మింగేస్తుంది కాబట్టి తెలుపు మేలు. పందిరి మంచాల కోళ్లకూ ఉయ్యాల బల్లల అలంకారానికీ ఇలాంటి తరణి పనే వాడేవారు. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

స్పిరిట్ పాలిష్ 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఐరోపాలో వ్యాపించి, ఓడ మీద మన దేశానికి తిరిగొచ్చింది. తిరిగొచ్చిందనే అనాలి, ఎందుకంటే దాని ముడిసరుకు బెంగాలు, చుట్టుపక్కల అడవుల నుంచే కలకత్తా మీదుగా వెళ్లేది. అంతకు ముందు ఇరుగుడుకు మెరుపు నూనెతోనో తేనెమైనంతోనో, ఎక్కువగా చేతి రాపిడితోనో వచ్చేది. కొత్త పాలిష్‌లో దూదిని గుడ్డలో ముద్దగా కట్టి, స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి, పలక మీద గుండ్రంగా తిప్పుతూ పొర మీద పొర ఎక్కిస్తారు. అంతకు ముందే కర్ర రంధ్రాలను సుద్దపొడి, రంగు కలిపిన పిండితో పూడ్చాలి. ఇరుగుడు, టేకు రెండూ రంధ్రాల కర్రలే కాబట్టి ఈ మెట్టు దాటవేస్తే మెరుపు గరుకుగా వస్తుంది. ఈ పాలిష్ టేకుకు ఒక మేలు చేసింది. రంగు కలిపి పూస్తే లేత టేకును ఇరుగుడులానో మహాగనిలానో చూపించవచ్చు. కర్ర ఎంపికకూ రంగుకూ ఉన్న పాత ముడి అక్కడితో తెగింది. లోపం ఏమిటంటే వేడి గ్లాసు పెడితే తెల్లటి ఉంగరం పడుతుంది, స్పిరిట్ చుక్క పడితే పూత కరుగుతుంది. 20వ శతాబ్దం చివర మెలమైన్, ఆ తరవాత పాలీయురేథేన్ పూతలు ఈ రెండు లోపాలనూ తీర్చాయి. అవి లక్కలా మళ్లీ కరగవు. గీత పడితే ఆ ఒక్క చోటే సరిచెయ్యడం కష్టం, పలకంతా గీకాలి.

దంతపు పనికి తలుపులు చట్టంతో మూతపడ్డాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏనుగును 1977లో మొదటి షెడ్యూలులో చేర్చారు. 1986 సవరణ దేశీయ దంతపు వ్యాపారాన్నీ, 1991 సవరణ ఆఫ్రికా దంతాన్నీ ఆపేశాయి. ఇరుగుడు వంతు తరవాత వచ్చింది: 2017 జనవరి నుంచి ఆ చెట్టు ప్రజాతి మొత్తం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందంలోకి వెళ్లింది. 2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ ముడి దుంగల ఎగుమతి ఆపడంతో విశాఖ రేవుకు బర్మా టేకు దుంగగా రావడమూ నిలిచింది. ఇప్పుడు దర్వాజాలకూ మంచాలకూ వాడే దిగుమతి టేకు ఎక్కువగా ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటలది. తొందరగా పెరిగిన మాను కనుక అందులో తెల్లచెక్క పాలు ఎక్కువ, చేవ తక్కువ.

పాత విశాఖ సామాను అమ్మకాలకు కూడా కొత్త కొలత వచ్చింది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన బ్రిటన్ దంతం చట్టం ప్రకారం 1947కు ముందు చేసిన వస్తువులో దంతం మొత్తం పరిమాణంలో పదో వంతుకు తక్కువైతే, నమోదు చేసుకుని అమ్ముకోవచ్చు. చాలావరకు కర్రే అయిన తొలినాటి ఇరుగుడు కుర్చీ ఆ లెక్కలో సులువుగా ఇముడుతుంది. తాపడం పెట్టెలో ఆ హద్దు దాటే అవకాశం ఎక్కువ. అలాంటివి 1918కి ముందువై, కళాపరంగా అపురూపమైనవని నిపుణులు తేల్చితే అమ్మకానికి అనుమతి దొరుకుతుంది.